పాకం పూసిన చిలగడదుంప: అమెరికా పండుగ భోజనంలో ఒక ఆదరువు చరిత్ర

వ్యాస సంగ్రహం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో థాంక్స్‌గివింగ్ పండుగనాటి భోజనంలో టర్కీ కోడి మాంసం పక్కన పాకం పూసి కాల్చిన చిలగడదుంప ఒక స్థిరమైన ఆదరువు. ఇది పండుగతో పాటే పుట్టిన ఆచారమని భావించడం పరిపాటి. పాకశాస్త్ర గ్రంథాలు, ఆత్మకథలు, వ్యవసాయ కరపత్రాలు, వ్యాపార ప్రచురణలు మరొక కథ చెబుతాయి. దక్షిణాది ప్లాంటేషన్లలో బానిసత్వం అనుభవించినవారి ఆకలి తీర్చిన దుంప, పంతొమ్మిదవ శతాబ్ది చివర చక్కెర పాకంతో మెరుగుపడి జాతీయ పండుగ పళ్ళెంలోకి చేరింది. ఆ క్రమంలో దుంపపై పూసిన పాకం దానిని పండించి వండినవారి చరిత్రను కూడా కప్పివేసిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: చిలగడదుంప, థాంక్స్‌గివింగ్, పాకం, బానిసత్వం, గృహవిజ్ఞానం, ఆఫ్రికన్ అమెరికన్ ఆహార సంస్కృతి.

ఉపోద్ఘాతం

అన్నంలో కలుపుకొనే దప్పళంలో చిలగడదుంప ముక్కలు, బెల్లం కలిసి ఉండటం తెలుగువారికి వింత కాదు. భోజనం మధ్యలో తీపి ఒక ఆదరువుగా రావడం ఈ నేల మీద సహజం. ఐరోపా సంప్రదాయం నుండి వచ్చిన అమెరికన్ భోజన క్రమంలో మాత్రం తీపి సాధారణంగా చివరి వంతు. అటువంటి క్రమంలో చక్కెర, వెన్న, దాల్చినచెక్క పూసి కాల్చిన దుంప మాంసం పక్కన కూరగాయగా కూర్చోవడం ఒక అపవాదం. ఆ అపవాదం ఎలా ఏర్పడింది, ఎవరి ద్వారా ఏర్పడింది, దాని వలన ఏది మరుగున పడింది అన్నవి ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్నలు.

వంటకం చరిత్రకు ఆధారాలు రెండు విధాలు. అచ్చయిన వంట పుస్తకం ఒకటి. వంట చేసినవారి, తిన్నవారి జ్ఞాపకం రెండవది. మొదటిది చదువు, డబ్బు, ముద్రణాలయం అందుబాటులో ఉన్నవారి మాట. రెండవది చాలాకాలం రాతకు నోచుకోలేదు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడే ఈ ఆదరువు పుట్టుక స్పష్టమవుతుంది.

దుంప, దాని పేర్లు

చిలగడదుంప అమెరికా ఖండాల ఉష్ణమండలంలో పుట్టిన తీగ పంట. వృక్షశాస్త్రం దీనిని ఐపోమియా బటాటాస్ అని పిలుస్తుంది. కొలంబస్ యాత్రల తరువాత ఇది స్పెయిన్‌కు, అక్కడినుండి ఐరోపాలోని ఇతర దేశాలకు చేరింది. 1597లో జాన్ జెరార్డ్ లండన్‌లో వెలువరించిన మూలికా గ్రంథం ఈ దుంపను వర్ణిస్తూ, మిఠాయి తయారీదారులు దీనితో చక్కెర నిలవలు చేస్తారని పేర్కొన్నది. అంటే చక్కెర, చిలగడదుంపల జోడింపు అమెరికాలో కొత్తగా కనిపెట్టినది కాదు. అది తొలుత ఇంగ్లండు సంపన్నుల విలాసం. ఈ విలాసం నిత్యాహారంతో కలిసిన తీరే తరువాతి చరిత్ర.

అమెరికాలో ఈ వంటకానికి ‘క్యాండీడ్ యామ్స్’ అనే పేరు విస్తృతంగా ఉంది. నిజమైన యామ్ వేరొక కుటుంబానికి చెందిన డయాస్కోరియా. తెలుగువారి పెండలం ఆ జాతిదే. పశ్చిమ ఆఫ్రికా ప్రజలకు యామ్ ప్రధానాహారం. బలవంతంగా అట్లాంటిక్ దాటించబడినవారికి దక్షిణాది రాష్ట్రాలలో ఆ దుంప దొరకలేదు. అక్కడి మట్టిలో పండే చిలగడదుంప దాని స్థానాన్ని, కాలక్రమంలో దాని పేరును కూడా తీసుకొన్నది. తెలుగు నేలమీదా ఇటువంటి నామవినిమయం ఉంది. కోస్తాలో చిలగడదుంప, రాయలసీమలో గెనుసుగడ్డ, తెలంగాణలో మోరంగడ్డ, కొన్నిచోట్ల కందగడ్డ అన్నవి ఒకే దుంప పేర్లు. కోస్తాలో కంద అంటే పూర్తిగా వేరొక దుంప. పేరు మారడం ప్రాంతభేదం వలన జరిగితే అది మాండలిక విషయం. ఒక జాతి తన నేలను కోల్పోయినందువలన జరిగితే అది చరిత్ర. అమెరికాలో యామ్ అనే మాట ఈ రెండవ కోవకు చెందినది.

పండుగ ఒకచోట, దుంప మరొకచోట

థాంక్స్‌గివింగ్ మూలాన్ని 1621లో మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో జరిగిన పంటకోత విందులో చూపడం ఆనవాయితీ. ఆ విందును గురించి ఎడ్వర్డ్ విన్‌స్లో రాసిన లేఖలో అడవి పక్షుల ప్రస్తావన ఉంది, వాంపనోగ్ ప్రజలు తెచ్చిన ఐదు జింకల ప్రస్తావన ఉంది; చిలగడదుంప లేదు. చలి ఎక్కువైన న్యూ ఇంగ్లండు ఆ పంటకు అనుకూలమైన ప్రాంతం కాదు. వెచ్చని వర్జీనియా, కరోలినాలు, జార్జియా, అలబామా, లూసియానాలే దాని నెలవులు.

పండుగను జాతీయం చేయాలని దీర్ఘకాలం కృషి చేసినది ఉత్తరాదికి చెందిన పత్రికా సంపాదకురాలు సారా జోసెఫా హేల్. 1827 నాటి ఆమె నవల ‘నార్త్‌వుడ్’లో థాంక్స్‌గివింగ్ విందు వర్ణన ఉంది. ఆమె విజ్ఞప్తి ఫలించినది అంతర్యుద్ధ కాలంలో. 1863 అక్టోబరు 3న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ నవంబరు చివరి గురువారాన్ని కృతజ్ఞతా దినంగా ప్రకటించాడు. బానిసత్వ నిర్మూలన వాదానికీ ఈ పండుగకూ సంబంధం ఉందన్న అనుమానంతో దక్షిణాది శ్వేతజాతి సమాజంలో పలువురు దీనిని చాలాకాలం ఉత్తరాదివారి పండుగగానే చూశారు. 1941లో కాంగ్రెసు నాలుగవ గురువారాన్ని చట్టబద్ధం చేసేనాటికి ఆ విముఖత కరిగిపోయింది. ఉత్తరాది పండుగ దక్షిణాదికి వెళ్ళినప్పుడు, దక్షిణాది దుంప ఉత్తరాది పళ్ళెంలోకి వచ్చింది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం సయోధ్యకు గుర్తుగా కనిపించవచ్చు. కాని ఆ దుంపను అంతవరకు కాపాడినవారు ఈ సయోధ్యలో ఏ పక్షంగానూ లెక్కకు రాలేదు.

మట్టినేలలో గుంట

1860 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో 39,53,760 మంది బానిసత్వంలో ఉన్నారు. వారి ఆహారం యజమాని కొలిచి ఇచ్చినది. మేరీలాండ్‌లో తనకు తెలిసిన ప్లాంటేషన్‌లో నెలకు ఎనిమిది పౌన్ల పందిమాంసం లేక దానికి సమానమైన చేపలు, ఒక బుషెల్ మొక్కజొన్న పిండి ఇచ్చేవారని ఫ్రెడరిక్ డగ్లస్ 1845 నాటి ఆత్మకథలో నమోదు చేశాడు. ఇటువంటి కొలత ఆహారానికి తోడు నిలిచినవాటిలో చిలగడదుంప ముఖ్యమైనది. తక్కువ సంరక్షణతో పండటం, ఆకు కూడా కూరకు పనికిరావడం, పాత్ర అవసరం లేకుండా నిప్పుల బూడిదలో ఉడకడం దాని గుణాలు.

బుకర్ టి. వాషింగ్టన్ 1901లో ప్రచురించిన ‘అప్ ఫ్రమ్ స్లేవరీ’ ఈ విషయంలో అపురూపమైన సాక్ష్యం. వర్జీనియాలో అతడు పుట్టి పెరిగిన గుడిసెకు చెక్కనేల లేదు, మట్టినేలే. ఆ నేల మధ్య పలకలు కప్పిన ఒక లోతైన గుంటలో చలికాలమంతా చిలగడదుంపలు నిలవ చేసేవారు. దుంపలు పెట్టేటప్పుడో తీసేటప్పుడో ఒకటి రెండు చేతికి చిక్కితే కాల్చుకొని తినేవాడినని అతడు గుర్తు చేసుకొన్నాడు. ఆ గుడిసె కేవలం నివాసం కాదు. ప్లాంటేషన్ అంతటికీ వంటశాల. అతని తల్లి అక్కడి వంటమనిషి.

ఈ సాక్ష్యంలో గమనించవలసినది ఒకే గదిలో ఉన్న రెండు లోకాలు. పొయ్యి మీద యజమాని భోజనం సిద్ధమవుతున్నది. పొయ్యి కింది నేలలో దుంపల నిలవ ఉన్నది. వండే చేయి ఒక్కటే. తినే నోళ్ళు వేరు. పాకం పూసిన దుంప చరిత్రను యజమానురాలి వంట పుస్తకం నుండి మాత్రమే మొదలుపెడితే ఈ గది కనిపించదు.

కూర ఒక దారి, పాయసం ఒక దారి

దక్షిణాది ధనిక గృహాల వంట పద్ధతికి తొలి ప్రామాణిక గ్రంథం మేరీ రాండాల్ఫ్ 1824లో ప్రచురించిన ‘ది వర్జీనియా హౌస్-వైఫ్’. వర్జీనియా భూస్వామ్య కుటుంబానికి చెందిన ఆమె గృహనిర్వహణలో వంట పని బానిసత్వంలో ఉన్నవారిది. ఈ పుస్తకంలో చిలగడదుంప స్పష్టంగా రెండు దారులలో నడుస్తుంది. కూరగాయగా వండేటప్పుడు దుంపలను పందిమాంసం ముక్కలు, కోడి మాంసంతో కలిపి ఉడికించడం, లేదా తొక్కతోనే అర అంగుళం మందాన చక్రాలుగా కోసి పెనంపై కాల్చి వెన్నతో వడ్డించడం కనిపిస్తుంది. ఈ రెంటిలోనూ చక్కెర లేదు. పుడింగుగా చేసేటప్పుడు మాత్రం ఒక పౌను దుంపకు ముప్పాతిక పౌను చక్కెర, అంతే వెన్న, ఆరు గుడ్లు, జాజికాయ, బ్రాందీ పడతాయి. కూర కూరే, తీపి తీపే.

ఈ రెండవ దారిలో మరొక గొంతు 1881లో వినిపిస్తుంది. దక్షిణ కరోలినాలో పుట్టి, బానిసత్వం నుండి బయటపడి, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఊరగాయలు, నిలవ పదార్థాల వ్యాపారం చేసిన ఆబీ ఫిషర్ ఒక వంట పుస్తకం ప్రచురించింది. చదవడం, రాయడం రాని ఆమె చెబుతూ ఉంటే ఇతరులు రాసుకొన్నారు. ఆమె చిలగడదుంప పైలో నారింజరసం, నారింజతొక్క తురుము ఉంటాయి. తీపి ఎంత వేయాలన్నది రుచిని బట్టి నిర్ణయించుకోమని ఆమె వదిలిపెట్టింది. వంట ఎరిగినవారు కొలతను చేతికి వదిలే తీరు అది. రాండాల్ఫ్ అచ్చు వేసిన జ్ఞానానికి వెనుక ఉన్న చేతులు ఎటువంటివో ఫిషర్ పుస్తకం వలన ఊహించడం సాధ్యమవుతుంది.

బోస్టన్ కొలత

రెండు దారులు కలిసిన తీరుకు స్పష్టమైన అచ్చు ఆధారాలలో ఒకటి 1896లో బోస్టన్‌లో కనిపిస్తుంది. ఫానీ ఫార్మర్ తన ‘బోస్టన్ కుకింగ్-స్కూల్ కుక్ బుక్’లో పాకం పూసిన చిలగడదుంపకు ఒక విధానం ఇచ్చింది. మధ్యరకం దుంపలు ఆరింటిని చెక్కు తీసి ఉప్పునీటిలో పది నిమిషాలు ఉడికించాలి. నిలువుగా రెండు చెక్కలు చేసి వెన్న రాసిన పళ్ళెంలో పేర్చాలి. అర కప్పు చక్కెర, నాలుగు పెద్ద చెంచాల నీళ్ళు మూడు నిమిషాలు మరిగించి, ఒక పెద్ద చెంచా వెన్న కలిపిన పాకాన్ని దుంపలకు పూయాలి. పదిహేను నిమిషాలు ఓవెన్‌లో కాలుస్తూ మిగిలిన పాకాన్ని మధ్యలో రెండుసార్లు పోయాలి.

ప్రచురణకర్తలు సందేహించి తొలి ముద్రణలో 3,000 ప్రతులే వేసిన ఈ పుస్తకం తరువాత అమెరికన్ గృహాలలో ప్రామాణిక గ్రంథమైంది. సమతలంగా కొలిచిన కప్పు, చెంచా అన్న నియమాన్ని ఇంటింటికీ చేర్చిన ఘనత ఫార్మర్‌ది. ఇక్కడ ‘రుచిని బట్టి’ అన్న మాటకు చోటు లేదు. చేతికి ఉన్న జ్ఞానం కొలపాత్రకు మారింది. అలా మారినందువలననే దక్షిణాది వంటశాలను ఎన్నడూ చూడని గృహిణి కూడా ఈ వంటకం చేయగలిగింది. అదే కారణం వలన ఆ వంటశాలను తలచుకోవలసిన అవసరమూ ఆమెకు లేకపోయింది.

ఈ మార్పుకు ఒక భౌతిక కారణం కూడా చెప్పవచ్చు. చిలగడదుంపలో బీటా-అమైలేస్ అనే ఎంజైము ఉంటుంది. దుంప నెమ్మదిగా వేడెక్కుతూ సుమారు 60 నుండి 75 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కువసేపు ఉంటే ఈ ఎంజైము పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. బూడిదలో తొక్కతో చాలాసేపు మగ్గిన దుంపకు పైనుండి తీపి చేర్చనక్కరలేదు; అది తన తీపిని తానే తయారు చేసుకొంటుంది. చెక్కు తీసి మరుగుతున్న నీటిలో పడవేస్తే ఎంజైము పనిచేసే వ్యవధి తగ్గిపోతుంది. తొందర వంటలో పోయిన తీపిని పాకం తిరిగి ఇచ్చిందన్నమాట. గుడిసెలోని పేద పద్ధతి దుంప స్వభావానికి దగ్గరగా ఉన్నదని, శాస్త్రీయమనిపించుకొన్న పద్ధతి దానికి కొంత దూరమైనదని చెప్పుకోవడం అతిశయోక్తి కాదు.

పాకానికి కావలసిన చక్కెర చరిత్ర కూడా ఈ కథలో భాగమే. లూసియానా చెరకు ప్లాంటేషన్ల శ్రమ బానిసత్వంలో ఉన్నవారిది. 1843లో నార్బర్ట్ రిల్యూ అనే న్యూ ఆర్లీన్స్ ఇంజనీరు చెరకు రసాన్ని వరుస పాత్రలలో తక్కువ ఇంధనంతో ఇగిర్చే యంత్రానికి పేటెంటు పొందాడు. అతని తల్లి ఆఫ్రికన్ సంతతికి చెందినది. శుద్ధమైన చక్కెర చవుకగా తయారు కావడానికి ఆ యంత్రం ముఖ్య కారణాలలో ఒకటి. దుంప, పాకం రెండూ ఒకే సామాజిక చరిత్ర నుండి వచ్చి ఒకే పళ్ళెంలో కలిశాయి.

టస్కీగీ మార్గం

ఫార్మర్ పుస్తకం వెలువడిన 1896లోనే జార్జ్ వాషింగ్టన్ కార్వర్ అలబామాలోని టస్కీగీ విద్యాసంస్థకు వ్యవసాయ శాస్త్రజ్ఞుడుగా వచ్చాడు. ఆ సంస్థకు అధిపతి, చిన్ననాడు దుంపల గుంట ఉన్న గుడిసెలో పెరిగిన బుకర్ టి. వాషింగ్టన్. పత్తి పంటతో సారం కోల్పోయిన నేలలు, కౌలు అప్పులలో కూరుకొన్న నల్లజాతి రైతులు కార్వర్ ఎదుట ఉన్న సమస్య. అతడు చిలగడదుంపపై పలు కరపత్రాలు వెలువరించాడు. 1922 నాటి కరపత్రంలో దుంపలను నిలవ చేసే పద్ధతులు, భోజనానికి సిద్ధం చేసే విధానాలు కలిసి ఉన్నాయి.

ఈ కలయిక గమనార్హం. బోస్టన్ పుస్తకానికి దుంప అంగడి నుండి వస్తుంది. టస్కీగీ కరపత్రానికి పొలం నుండి వస్తుంది. తవ్విన దుంపకు తగిలిన గాట్లు వెచ్చని, తేమ గల చోట కొన్ని రోజులు ఉంచితే మానుతాయి. అప్పుడే అది చలికాలమంతా కుళ్ళకుండా నిలుస్తుంది, తీపి కూడా పెరుగుతుంది. నవంబరు చివరి పండుగకు దుంప మంచి స్థితిలో అందడానికి ఈ సంరక్షణే ఆధారం. కార్వర్ దృష్టిలో వంటకం పండుగ అలంకారం కాదు. రైతు కుటుంబం అంగడి అప్పు తగ్గించుకొని సొంత పంట తినే మార్గం.

ప్రకటన, పేరు, డబ్బా

కార్వర్ రైతు కోసం రాస్తున్న కాలంలోనే వ్యాపార సంస్థలు గృహిణి కోసం రాయించాయి. 1917లో ఏంజెలస్ మార్ష్‌మెలోల తయారీదారులు తమ సరకు అమ్మకం పెంచుకోవడానికి బోస్టన్ కుకింగ్-స్కూల్ పత్రిక స్థాపకురాలు జానెట్ మెకెంజీ హిల్ చేత వంటకాల పుస్తిక తయారు చేయించారు. మెదిపిన చిలగడదుంపపై మార్ష్‌మెలోలు పరచి కాల్చే పద్ధతి అందులో ఉంది. నేడు వంశపారంపర్యమని పలువురు భావించే ఆ తెల్లని పై పొర ఒక మిఠాయి సంస్థ అమ్మకపు ప్రయత్నం.

దుంప పేరు కూడా విపణికి చేరింది. 1937లో లూసియానా స్టేట్ యూనివర్సిటీకి చెందిన జూలియన్ మిల్లర్ కృషితో తేమ ఎక్కువ, రంగు గాఢమైన నారింజవన్నె దుంప రకం విడుదలైంది. ఉత్తరాది రాష్ట్రాల గట్టి, పాలిపోయిన దుంపల నుండి వేరుగా గుర్తించడానికి దానిని యామ్ అని ప్రచారం చేశారు. ఆఫ్రికన్ ప్రజలు కోల్పోయిన ఆహారానికి గుర్తుగా మిగిలిన మాట, ఈసారి ఒక రాష్ట్రపు సరకుకు వ్యాపార ముద్ర అయింది. ఆ పేరు వాడినచోట చిలగడదుంప అన్న మాట కూడా ఉండాలని సమాఖ్య వ్యవసాయ శాఖ నియమం విధించవలసి వచ్చింది. పాకంలో నానిన దుంపలు డబ్బాలలో రావడంతో ఈ ఆదరువు మూత తీసి వేడి చేస్తే సిద్ధమయ్యే స్థితికి చేరింది.

హార్లెమ్ వీధిలో కాల్చిన దుంప

జ్ఞాపకం మాత్రం పూర్తిగా చెరిగిపోలేదు. ఇరవయ్యవ శతాబ్ది మొదటి సగంలో లక్షలాది ఆఫ్రికన్ అమెరికన్లు దక్షిణాది నుండి ఉత్తరాది నగరాలకు వలస వెళ్ళారు. దుంప వారితో పాటే వెళ్ళింది. 1952లో వెలువడిన రాల్ఫ్ ఎల్లిసన్ నవల ‘ఇన్విజిబుల్ మ్యాన్’లో కథానాయకుడు హార్లెమ్ వీధిలో బండి మీద అమ్మే వేడి దుంపను కొని, వెన్న పోయించుకొని, నడుస్తూనే తింటాడు. దక్షిణాది మూలాలను దాచుకోవాలని అప్పటివరకు తహతహలాడినవాడికి ఆ క్షణంలో సిగ్గు వీడుతుంది. ఇంటివద్ద నిప్పులలో కాల్చినవీ, పాకం పట్టినవీ వరుసగా గుర్తుకు వస్తాయి. అయితే తరువాత కొన్న దుంపలలో ఒకటి చలికి చెడిపోయి చేదుగా ఉంటుంది. మూలాలను గుర్తించడం ఒక్కటే విముక్తి కాదని రచయిత ఆ చేదుతో సూచించాడు.

చరిత్ర పరిశోధకునికి ఈ ఘట్టం ఒక హెచ్చరిక. నల్లజాతి గృహాలలో పాకం పూసిన దుంపను బోస్టన్ పుస్తకానికో మిఠాయి సంస్థకో ఋణపడిన అనుకరణగా చూడటం సరికాదు. వారి భోజనంలో అది ఆదివారపు వంట, క్రిస్మస్ వంట, చనిపోయినవారి ఇంటికి బంధువులు తీసుకువెళ్ళే వంట కూడా. చక్కెర కొనగలగడమే ఒక స్థితికి గుర్తైన కుటుంబాలలో పాకం దాచే పూత కాదు. కొలత ఆహారం నుండి బయటపడినదానికి ఆనవాలు.

ముగింపు

పాకం పూసిన చిలగడదుంప ప్లిమత్ విందు వారసత్వం కాదు. 1824లో వేరువేరుగా ఉన్న కూర, తీపి 1896 నాటికి ఒకే పళ్ళెంలో కలిశాయి. 1917లో దానిపై మార్ష్‌మెలో పరచబడింది. 1937 తరువాత దాని పేరు సరకు ముద్ర అయింది. ఈ వరుసలో ప్రతి దశ దుంపను మరింత మందికి చేర్చింది, ప్రతి దశ దానిని గుడిసెలోని గుంట నుండి మరింత దూరం చేసింది.

ఒకే పాకానికి రెండు అర్థాలు ఉన్నాయన్నది ఈ పరిశీలనలో తేలిన అంశం. జాతీయ పండుగ పళ్ళెంలో అది మరపు. బానిసత్వం నుండి బయటపడినవారి సంతతి ఇంట అది సాధించుకొన్న మిగులు. వంట పుస్తకం ఒక్కదాన్నే ఆధారంగా తీసుకొంటే మొదటి అర్థం మాత్రమే దొరుకుతుంది. ఆత్మకథ, కరపత్రం, నవల కలిస్తేనే రెండవది తెలుస్తుంది. దప్పళంలోని ముక్క నుండి శివరాత్రి ఉపవాసపు గడ్డ వరకు తెలుగువారి వంటకాల చరిత్రను రాయబోయేవారికి కూడా ఈ పద్ధతి ఉపకరిస్తుంది. ఎవరి ఇంట ఏ పండుగకు వండారన్న ప్రశ్నతో ఆగకుండా, ఎవరి చేలో పండింది, ఎవరి ఆకలి తీర్చి మిగిలింది అన్న ప్రశ్న కూడా అడగవలసి ఉంది.